ఫ్లోట్ పెట్టింది నేనే, ఇంట్లో ఇంకా చెప్పలేదు

చెరువుకట్ట | జూన్ 28, రాత్రి 11:40

రెండేళ్లుగా ఇక్కడ అందరివీ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది నర్సంపేట దగ్గర పల్లె. పాకాల కాలువ కింద రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. బాపు, అమ్మ, నాయనమ్మ, ఎనిమిదో తరగతి చదివే చెల్లె, నేను. ఇంటర్ కూడా నర్సంపేటలోనే, రోజూ బస్సులో పోయి వచ్చాను. మేడారం జాతర తప్పితే ఊరు విడిచి వరసగా మూడు రాత్రులు ఉన్నది లేదు.

జేఈఈ మెయిన్‌లో పర్వాలేదనిపించే ర్యాంకు వచ్చింది (ఎంతో రాయను, నాయనమ్మ దిష్టి అంటుంది). జోసా (నిట్‌లలో సీట్లు ఇచ్చే కౌన్సెలింగ్) మొదటి రౌండులో వరంగల్ నిట్‌లో బయోటెక్నాలజీ వచ్చింది. మా ఊళ్లో వరంగల్ నిట్ అంటే చాలు, ఏ బ్రాంచి అని ఎవరూ అడగరు. బాపు మూడు కిలోల బాలూషాయి తెచ్చాడు. మాజీ సర్పంచి ఇంటికి, ఎరువుల దుకాణానికి, వడ్ల కాంటా పెట్టే హమాలీలకు కూడా తనే పంచి వచ్చాడు.

ఈరోజు మూడో రౌండు. వరంగల్ పోయింది. నాగపూర్ వీఎన్‌ఐటీలో (అదీ నిట్టే) సివిల్ వచ్చింది.

ఇంట్లో అందరూ ఏదో పొరపాటు జరిగిందనుకుంటున్నారు. పొరపాటేమీ లేదు. ఆప్షన్ల వరసలో వరంగల్ బయోటెక్ కంటే నాగపూర్ సివిల్‌ను పైన పెట్టింది నేనే. సీటు వచ్చాక ఇదే చాలని ఫ్రీజ్ చేయకుండా ఫ్లోట్ పెట్టిందీ నేనే. పైన పెట్టుకున్నదాంట్లో ఖాళీ దొరికితే దానంతట అదే మారిపోతుందని, చేతిలో ఉన్నది పోతుందని తెలిసే పెట్టాను.

"ఆన్‌లైన్ల ఏమన్న తప్పు కొట్టినవారా?" అని బాపు అడిగాడు. "చూస్త బాపు" అన్నాను. సాయంత్రం నుంచి ముద్ద దిగడం లేదు. ఎట్లా చెప్పాలి?

ఎనుమాముల గుమస్తా | జూన్ 28, రాత్రి 11:52

మూడు కిలోల బాలూషాయి మాత్రం వెనక్కు రాదు తమ్ముడూ. మిగతావన్నీ మాట్లాడుకోవచ్చు.

సిమెంటు ఇసుక | జూన్ 29, ఉదయం 6:10

ముందు పని సంగతి. నీ వరసలో నాగపూర్ సివిల్ కింద ఏమున్నాయో అవన్నీ నీకు ముగిసిన కథ. వరంగల్ బయోటెక్ మళ్లీ రాదు, ఏ ఆఫీసు చుట్టూ తిరిగినా రాదు. ఇంట్లో ఎవరైనా "తెలిసిన సారున్నడు, అడుగుదాం" అంటే ఆ ఖర్చు పెట్టనివ్వకు.

రెండోది, ఆదాయం సర్టిఫికెట్ చేతిలో ఉందా? నిట్‌లలో ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500. ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపైతే ట్యూషన్ మొత్తం మాఫీ. లక్ష నుంచి 5 లక్షల లోపైతే మూడింట రెండు వంతులు మాఫీ. కులంతో సంబంధం లేదు. హాస్టలు, మెస్ మాత్రం విడిగా కట్టుకోవాలి. ఈ ముక్క మీ బాపుకు అన్నిటికంటే ముందు చెప్పు. సగం కోపం అక్కడే తగ్గుతుంది.

మూడోది నా సొంత ప్రశ్న. నీకు సివిల్ ఇష్టమా, దూరం ఇష్టమా? నిజం చెప్పు.

ముగ్గురి అమ్మ | జూన్ 29, ఉదయం 7:35

బిడ్డా, మాది హన్మకొండ. మా ఇంటి నుంచి నిట్ గేటు ఆటోలో పావుగంట. మా ముగ్గురు పిల్లల్లో ఒక్కరికి అందులో సీటు వస్తే చాలని ఎన్ని మొక్కులు మొక్కానో భద్రకాళి అమ్మవారికే తెలుసు. తెలంగాణ పిల్లలకు సగం సీట్లు హోం స్టేట్ కోటాలో ఉండబట్టి నీకు వచ్చింది. దాన్ని వదులుకోవడం నీ ఇష్టమే అనుకో. కానీ "చూస్త బాపు" అన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. ఆయన ఇప్పుడు ఊళ్లో అందరికీ కంప్యూటర్ తప్పు చేసిందని చెప్పుకుంటూ ఉంటాడు.

చెరువుకట్ట | జూన్ 29, మధ్యాహ్నం 2:20

అమ్మా, మీరన్నట్టే పొద్దున హోటల్ దగ్గర అదే చెప్పాడట. చెల్లె వచ్చి చెప్పింది.

సిమెంటు ఇసుక అన్నా, సివిలా దూరమా అంటే రెండూ.

సివిల్ సంగతి. నాలుగేళ్ల కింద పెద్ద వానకు మా ఊరి చెరువు మత్తడి (అలుగు) కొట్టుకుపోయింది. తర్వాత ఒక ఇంజనీర్ సారు వచ్చాడు. అందరూ వాన ఎక్కువైందని అంటుంటే ఆయన కర్రతో మట్టిలో గీసి చూపించాడు. నీళ్లు మత్తడి దూకి పడే చోట గుంత పడింది, ఆ గుంత ఏటేటా వెనక్కు తింటూ వచ్చింది, చివరికి గోడ కింద ఏమీ మిగల్లేదు. పైన గోడ బాగానే ఉండె. నాకు ఆ గీత ఇప్పటికీ కళ్లలో ఉంది. బయోటెక్ మీద నాకు కోపం లేదు, కానీ దాని గురించి నాకు అట్లాంటి గీత ఒక్కటీ లేదు.

దూరం సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా పేరు తెలియని చోటే గదా.

మా ఇంటికి నేను గుమస్తాను. బాపు ఫోన్‌కు వచ్చే ప్రతి మెసేజ్ నేనే చదవాలి. వడ్ల పైసలు పడ్డాయా, రైతు భరోసా పడిందా, గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, నాయనమ్మ పింఛన్, చెల్లె స్కూల్ గ్రూపు. పక్కింటి వాళ్ల ఆధార్ లింకు కూడా నాదే. ఎనిమిదో తరగతి నుంచి ఇదే కొలువు.

ఈ మే నెలలో వడ్లు ప్రభుత్వం కొనే ఐకేపీ సెంటర్‌లో పోసి 19 రోజులు కావలి కాశాం. రాత్రులు నేను, పగలు బాపు. ఒక రాత్రి రెండు గంటలకు గాలి లేచింది. పరదా కొసల మీద పెట్టిన రాళ్లు చాల్లేదు. బాపుకు ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో ఉరికొచ్చాడు. ఫోన్ టార్చి నోట్లో కరచుకుని నేనొక కొస, బాపు ఒక కొస పట్టుకుని కుప్ప మీద పడుకున్నాం, అక్షరాలా పడుకున్నాం. అయినా కింది నుంచి నీళ్లు వచ్చాయి. వడ్లు మోరీలోకి పోతుంటే అమ్మ చాటతో ఎత్తింది. తెల్లారి మిషన్ పెడితే తేమ 21 శాతం చూపించింది. 17కు మించకుంటేనే కాంటా.

మళ్లీ రోడ్డు మీద ఐదు రోజులు ఆరబోశాం. ఆరేటప్పుడు వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ నడవాలి, సాళ్లు పడతాయి, అడుగువి పైకి వస్తాయి. గంటకోసారి, పది గంటల నుంచి నాలుగింటి వరకు. చెప్పులు వేసుకుంటే వడ్లు నలుగుతాయి, వేసుకోకుంటే కాళ్లు కాలతాయి. ఆ ఐదు రోజుల్లోనే నా ఓబీసీ సర్టిఫికెట్ పాతదని తెలిసింది. జోసాకు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే కావాలి, అదీ సెంట్రల్ ఫార్మాట్‌లో. మీసేవకు, ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి సారు లేడు, ఒకసారి సర్వర్ లేదు. తిరిగి వచ్చి మళ్లీ వడ్లలో నడిచేవాణ్ని.

అట్లా నడుస్తున్నప్పుడే అనిపించింది. వరంగల్‌లో చేరితే ప్రతి శనివారం ఇంటికి వస్తాను. వారం రోజుల పనులు నా కోసం ఆగి ఉంటాయి. చదువుకోవడానికి పోయినట్టు ఉండదు, గుమస్తాకు బదిలీ అయినట్టు ఉంటుంది. ఆ రాత్రే కాగితం మీద ఆప్షన్ల వరస రాసుకున్నాను.

పాత పంచె | జూన్ 29, సాయంత్రం 5:05

ఇంత చక్కగా రాశావు గానీ దీన్ని ఊళ్లో ఒక్క మాటలో అంటారు, తప్పించుకోవడం. తండ్రి వానలో కుప్ప మీద పడుకుంటే కొడుక్కి వచ్చిన ఆలోచన అదా? మేం పది మంది పిల్లలం, చదువుకుంటూనే మోటలు తోలాం.

తునికాకు | జూన్ 29, సాయంత్రం 5:40

పెద్దాయనా, మోటలు తోలిన వాళ్లలో ఎంతమంది ఊళ్లో ఉన్నారు, ఎంతమంది హైదరాబాద్‌లో ఉన్నారు? మీరెక్కడి నుంచి రాస్తున్నారు?

పాత పంచె | జూన్ 29, సాయంత్రం 6:15

ఉప్పల్. అయితే ఏంది?

నిర్వాహకుడు | జూన్ 29, సాయంత్రం 6:30

పెద్దల మీద పరాచికాలు వద్దు. పెద్దలూ, పిల్లవాణ్ని చూసి మాట్లాడండి. విషయంలోకి రండి.

తునికాకు | జూన్ 29, రాత్రి 9:10

సరే, విషయంలోకే వస్తాను. మాది ములుగు అవతల, అడవి అంచు. ఇంటర్ అయిపోయిన ఎండాకాలం నాకు ఎట్లా గడిచిందో చెబుతాను, తమ్ముడికి పనికొస్తుందో లేదో తెలియదు.

తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ, నేను అడవికి పోయేవాళ్లం. ఎండ ముదిరేలోపు తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు, కోసి మూట కట్టుకుని రావాలి. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని కట్టలు కట్టడం. కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు, అంటే 50 వేల ఆకులు. మా అమ్మ లెక్కపెట్టేది కాదు, వేళ్లకే తెలిసేది. నేను గట్టిగా లెక్కపెడుతూ 37 దగ్గర మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. సాయంత్రం ఆకు కొనే కల్లానికి తీసుకుపోతే అక్కడాయన ఏదో ఒక కట్ట తీసి లెక్క చూసేవాడు. నా కట్టే దొరికేది ఆయనకు. ఒకసారి 46 వచ్చాయి. అందరి ముందూ "చదువుకున్న పిల్లగాని కట్ట" అన్నాడు.

ఆ సీజన్ పైసలతో ఒక సూట్‌కేసు, రెండు ప్యాంట్లు, హైదరాబాద్ హాస్టల్ మొదటి నెల మెస్ బిల్లు. వేళ్ల మీద జిగురు నల్లగా పట్టి ఉండేది, కాలేజీలో చేరిన వారం వరకు పోలేదు. జేబులో చేతులు పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

నేను పోయాక ఆ సీజన్‌కు అమ్మ ఒక్కతే పోయింది. కట్టలు ఎక్కువే కట్టిందట. నేను లెక్క తప్పించకపోవడం వల్ల కావచ్చు.

ఎనుమాముల గుమస్తా | జూన్ 29, రాత్రి 9:25

నాలుగు ఆకులు తక్కువుంటే పట్టుకున్నాడా! మా మార్కెట్ యార్డులో అట్లాంటి మనిషి కావాలి.

బాసర 2014 | జూన్ 30, ఉదయం 8:00

నేను పదో తరగతి అయ్యాకే ఇల్లు వదిలాను, బాసర ట్రిపుల్ ఐటీ, ఆరేళ్లు. మాది మంథని. నా అక్షరాభ్యాసం బాసర గుళ్లోనే చేయించారట, నేను ఏడ్చి పలక కింద పడేశానట. పదిహేనేళ్లకు అదే ఊళ్లో దించి వచ్చారు. ఈసారి పలక బదులు బకెట్, మగ్గు.

తమ్ముడూ, నువ్వు దూరం కావాలనుకున్నందుకు సిగ్గుపడకు. కానీ ఒకటి గమనించు. నేను పోయాక మా ఇంట్లో ఆగిపోతాయనుకున్న పనులు ఏవీ ఆగలేదు. నేనే ఆగిపోయాను, సెలవులకు వస్తే ఏ డబ్బాలో ఏముందో తెలియక వంటింట్లో నిలబడేదాన్ని. అమ్మ చింతపండు డబ్బా స్థలం మార్చేసింది. దానికి నేను ఒక పూట అలిగాను.

కాజీపేట లోకో | జూన్ 30, ఉదయం 10:45

నాగపూర్ అంటే అందరూ ఏదో ఢిల్లీ అన్నట్టు భయపడుతున్నారు. నేను ఆ లైన్ మీద బండ్లు నడిపి రిటైర్ అయినవాణ్ని. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున ఎక్కితే మధ్యాహ్నం నాగపూర్. ఆరేడు గంటలు. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ కూడా అటే పోతుంది. ఇప్పుడు వందే భారత్ కూడా కాజీపేటలో ఆగుతోంది గానీ టికెట్ ఖరీదు, అది మీ బాపుకు చూపించకు.

జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం దాటాక గోదావరి బ్రిడ్జి. కిటికీ దగ్గర కూర్చో, చిల్లర దగ్గర పెట్టుకో. తర్వాత మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్. బల్లార్షా వచ్చిందంటే మహారాష్ట్ర. అక్కడ తిండి మన నాలుకకు ఇంకా పరాయి కాదు. పండుగ ముందు టికెట్లు మాత్రం దొరకవు. దసరాకు రావాలంటే రెండు నెలల ముందే చూసుకో. బతుకమ్మ నాటికి చెల్లె ఎదురుచూస్తుంది.

సిమెంటు ఇసుక | జూన్ 30, రాత్రి 8:30

ఆ గీత గీసిన ఇంజనీర్ ఎవరో గానీ మంచి పని చేశాడు. నా కథ కూడా అట్లాంటిదే. 2006లో వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం విప్పినప్పుడు నేను ఇంటర్. రోజూ కాలేజీ ఎగ్గొట్టి అక్కడ నిలబడేవాణ్ని. అంత బరువు గుడి కింద పునాదిలో ఇసుక ఉంటుందని అప్పుడే తెలిసింది. రామప్పలోనూ అంతే, పెట్టెలో పోసినట్టు ఇసుక నింపి పైన కట్టారు. మా నాన్న మెకానికల్ అన్నాడు, నేను సివిల్ అన్నాను, నెల రోజులు మాటల్లేవు. 2024 మార్చిలో ఆ మండపం మళ్లీ తెరిచారు. నా కూతురు రెండో తరగతి అప్పుడు. విప్పడానికి, కట్టడానికి మధ్య నా చదువు, పెళ్లి, పిల్ల అన్నీ అయిపోయాయి. పెళ్లాం అంటుంది, మీ సివిల్ వాళ్లు ఏదీ టైముకు ఇవ్వరని.

చెప్పేశావా ఇంట్లో?

చెరువుకట్ట | జూలై 1, రాత్రి 10:15

లేదన్నా. రేపు.

ముగ్గురి అమ్మ | జూలై 3, ఉదయం 7:00

రేపు అయిపోయింది బిడ్డా.

చెరువుకట్ట | జూలై 6, రాత్రి 9:50

చెప్పాను.

యూరియా కోసం బాపు, నేను పొద్దున ఐదింటికే పోయాం. అప్పటికే లైన్ ఉంది. మనుషుల లైన్ కాదు, చెప్పుల లైన్. మేం కూడా చెప్పులు పెట్టి చింతచెట్టు కింద కూర్చున్నాం. ఇద్దరం ఒట్టి కాళ్లతో, చేసే పనేమీ లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. "బాపూ, కంప్యూటర్ తప్పు కాదు, నేనే పెట్టిన" అన్నాను. వరస, ఫ్లోట్, అన్నీ చెప్పాను. గుమస్తా మాట మాత్రం చెప్పలేదు. చెరువు మత్తడి సంగతి చెప్పాను.

చాలాసేపు చెప్పుల వైపే చూశాడు. తర్వాత అన్న మొదటి మాట ఇది: "బాలూషాయి పంచేటప్పుడన్న చెప్పద్దా?"

నేనేం మాట్లాడలేదు. మళ్లీ కొంచెంసేపటికి, "ఊరందరికి మిషన్ తప్పని చెప్పిన. నన్ను అబద్ధాలోన్ని చేసినవు" అన్నాడు. అది మాత్రం గట్టిగా తగిలింది. అమ్మా, మీరు మొదటి రోజే చెప్పారు.

తర్వాత ఫీజు మాఫీ సంగతి అడిగాడు. సిమెంటు ఇసుక అన్న రాసింది అట్లాగే చెప్పాను. ఆదాయం సర్టిఫికెట్ ప్రకారం మాకు ట్యూషన్ మొత్తం మాఫీ. "మరి వరంగల్ల గూడ మాఫీయేనా?" అన్నాడు. అవునన్నాను. "అయితే పైసలకు పోయింది గాదు" అన్నాడు. ఆ మాట అర్థం ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

పదకొండింటికి రెండు బస్తాలు దొరికాయి. తిరిగి వస్తుంటే ఎరువుల దుకాణం దగ్గర బండి ఆపాడు. షావుకారి ఏం అడక్కముందే, "మావోడు నాగపూర్ పెట్టుకున్నడు. అది గూడ గవర్నమెంటుదే. చెరువుల చదువు" అన్నాడు.

ఎనుమాముల గుమస్తా | జూలై 6, రాత్రి 9:58

"మావోడు పెట్టుకున్నడు." మిషన్ పెట్టిందనలేదు. పని అయింది తమ్ముడూ, పో.

పాత పంచె | జూలై 6, రాత్రి 10:20

చెప్పినందుకు సంతోషం. ఆ రోజు కొంచెం గట్టిగా అన్నాను. మా నాన్నకు నేను ఉప్పల్ వచ్చే ముందు చెప్పలేదు, లారీ ఎక్కాక జాబు రాశాను. అది ఇక్కడ ఎందుకులే.

తునికాకు | జూలై 6, రాత్రి 10:31

ఎందుకులే అనకండి పెద్దాయనా, రాయండి. వేరే చర్చ పెట్టండి, అందరం వస్తాం.

ముగ్గురి అమ్మ | జూలై 7, ఉదయం 6:50

ఇంకా మూడు వారాలుంది. బట్టలు, బకెట్లు ఒక్క రోజులో కొనొచ్చు. నువ్వు చేసే కొలువు ఇంకొకరికి అప్పజెప్పు. మా పెద్దది పోయేటప్పుడు నాకు ఫోన్‌లో పైసలు పంపడం నేర్పకుండా పోయింది. ఆరు నెలలు పక్కింటావిడను బతిమాలుకున్నాను. ఇంట్లో అంత పని నీ ఒక్కడి చేతిలో ఉండటం నీ తప్పు కాదు, కానీ అట్లాగే వదిలిపోతే మాత్రం నీ తప్పే.

చెరువుకట్ట | జూలై 16, రాత్రి 10:40

మీరు చెప్పినట్టే మొదలుపెట్టానమ్మా.

బాపు పది నిమిషాలు కూర్చుని, "నాకు కాదుర, దానికి చెప్పు" అని అమ్మను చూపించి లేచిపోయాడు. అమ్మకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంకెలు బాగా వచ్చు. ముందు ఫోన్‌ను తెలుగులోకి మార్చాను. ఏ గుర్తు దేనికో పాత నోట్‌బుక్కులో బొమ్మలు గీసి పక్కన రాశాను. పైసలు పడితే మెసేజ్‌లో ఏ అంకె చూడాలో, పోతే ఏ అంకె చూడాలో ఎర్ర పెన్ను, నీలం పెన్ను. బ్యాంకు మెసేజ్‌లు ఇంగ్లీషులోనే వస్తాయి, అందుకని క్రెడిట్, డెబిట్ అనే రెండు మాటల ఆకారం మాత్రం దిద్దించాను. ఇప్పుడు చూసిన ప్రతి కాగితం మీదా ఆ రెండు మాటలు వెతుకుతోంది.

అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఓటీపీ సంగతి. మా ఊళ్లో ఒకాయన ఫోన్‌లో ఎవరో అడిగితే చెప్పి మిర్చి పైసలు పోగొట్టుకున్నాడు. "ఎవరడిగినా చెప్పొద్దు, బ్యాంకు సారని చెప్పినా, పోలీసని చెప్పినా, తెలిసినోళ్లమని చెప్పినా" అని రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఒప్పజెప్పించుకున్నాను.

108కు చేయడం అందరికీ నేర్పాను. మే చివర్లో నాయనమ్మ కరువు పనికి (ఉపాధి హామీ) పోయి వడదెబ్బ తగిలి పడిపోయింది. ఆ రోజు నేను సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నా. ఇంట్లో అందరి దగ్గరా ఫోన్లున్నాయి, అందరూ నాకే చేశారు. నాకు 11 కాల్స్. 108కు ఒక్కటీ లేదు. నేను అక్కడి నుంచి చేస్తే వచ్చింది. రెండు సీసాలు సెలైన్ ఎక్కించాక కళ్లు తెరిచి "నా మస్టర్ పడ్డదా?" అని అడిగింది. ఆమె బాగానే ఉంది. నాకే ఆ 11 కాల్స్ ఇంకా గుర్తొస్తున్నాయి.

చెల్లె గుమస్తా పోస్టుకు ఒప్పుకుంది. గ్యాస్ బుకింగ్‌కు పది, కరెంటు బిల్లుకు పది, పక్కింటి వాళ్ల పనికి ఇరవై. బాపు "వీడు ఉత్తగ జేసేటోడు" అంటే "అందుకే పోతున్నడు" అంది. నేను తల ఎత్తలేదు.

బాసర 2014 | జూలై 16, రాత్రి 11:05

మీ చెల్లె దగ్గర నేను ట్యూషన్ చెప్పించుకోవాలి.

ఎనుమాముల గుమస్తా | జూలై 17, ఉదయం 9:15

పచ్చడి సంగతి ఎవరూ ఎత్తరేంది? హాస్టల్‌కు మామిడికాయ తొక్కు తీసుకుపోతే చపాటా కారం వేయించు. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రంగు ఎర్రగా వస్తుంది, మంట తక్కువ. తేజ మిర్చి వేస్తే పక్క గది మరాఠీ పిల్లలు ఒక్కసారి తిని మళ్లీ నీ గదికి రారు. తక్కువ మందికి పంచాలనుకుంటే తేజనే వెయ్యి.

ముగ్గురి అమ్మ | జూలై 17, ఉదయం 9:40

తేజనే వేయించు బిడ్డా. నా పెద్దది చపాటా తొక్కు తీసుకుపోయింది, సీసా నాలుగు రోజులు రాలేదు. సీసా మూత కింద పాలిథిన్ కవర్ పెట్టి బిగించు, లేకుంటే నూనె బట్టలకు అవుతుంది. సకినాలు రేకు డబ్బాలో, నిలబెట్టి కాదు, పడుకోబెట్టి సర్దు.

నిర్వాహకుడు | జూలై 17, ఉదయం 10:00

పచ్చళ్లకు వేరే విభాగం ఉంది. (నూనె పల్లిదా, నువ్వులదా?)

చెరువుకట్ట | జూలై 30, రాత్రి 8:20

హాస్టల్ నుంచి రాస్తున్నాను. 28న కాజీపేటలో ఎక్కాం. బాపు తోడు వచ్చాడు. లోకో కాకా, మీరు చెప్పినట్టు కిటికీ దగ్గరే కూర్చున్నాను, చిల్లర జేబులో పెట్టుకున్నాను. ముందు రాత్రి నిద్ర లేక పెద్దపల్లి దాటగానే నిద్రపోయాను. లేచేసరికి మంచిర్యాల. బాపు తన జేబులోంచి రూపాయి వేశాడట. "నన్నెందుకు లేపలేదు?" అంటే "రెండు వేసిన, నీది గూడ" అన్నాడు.

కాలేజీలో కాగితాలన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. బాపు హాస్టల్ గది గోడను వేలితో గీకి చూశాడు, కిటికీ రెక్కలు వేసి తీశాడు, ట్యాపు తిప్పాడు. ఆవరణలో వాన నీళ్లు పోయే కాలువ దగ్గర నిలబడి "ఇది ఎటు పోతది?" అని నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను. "నేర్చుకుంటవు తీ" అన్నాడు. సాయంత్రం బండికి పోయాడు. నేను స్టేషన్ దాకా వస్తానంటే వద్దన్నాడు, ఆటో మాట్లాడటం తనకు వచ్చన్నాడు. హిందీ రాదు. ఎట్లా పోయాడో ఇంకా చెప్పలేదు.

కాజీపేట లోకో | జూలై 30, రాత్రి 9:00

గోదావరి ఎక్కడికీ పోదు. దసరాకు వచ్చేటప్పుడు చూడు. టికెట్ తీశావా?

చెరువుకట్ట | ఆగస్టు 9, రాత్రి 9:30

తీశాను కాకా, వెయిటింగ్ 41.

ఇంకో సంగతి. ఇవాళ స్కాలర్‌షిప్ సైట్‌లో వివరాలు నింపుతున్నాను. నా ఆధార్‌కు లింకైంది అమ్మ ఫోన్ నంబరు. ఆ సంగతే మరిచిపోయాను. ఓటీపీ అటు పోయింది. ఇక్కడ టైమర్ తిరుగుతోంది. ఫోన్ చేశాను.

"అమ్మా, ఇప్పుడొక మెసేజ్ వచ్చింది, అందులో ఆరంకెలున్నాయి, చెప్పు."

"చెప్ప."

"అమ్మా, నేనే."

"తెలిసినోళ్లమని చెప్పినా చెప్పద్దన్నవు గదా."

నా గొంతు గుర్తుపట్టలేదా అంటే, ఈ మధ్య గొంతులు కూడా మారుస్తున్నారని చెల్లె చెప్పిందట. ముఖం చూపించమంది. వీడియో కాల్ చేశాను. తేరిపార చూసి, "బక్కగైనవు" అంది. సరే, ఇప్పుడు చెప్పమన్నాను. మెసేజ్ చూడాలంటే ఫోన్ కట్ చేయాలనుకుని కట్ చేసింది. మళ్లీ తనే చేసి, నోట్‌బుక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కో అంకె నిదానంగా చదవడం మొదలుపెట్టింది. మూడో అంకె దగ్గర టైం అయిపోయింది.

ఇంకోటి పంపిస్తున్నానని చెబితే, "మల్లొకటి వచ్చిందంటే మోసమే" అని పెట్టేసింది.